ఎదురుసుడి

నా దగ్గర పనిచేసేవాళ్ళు నన్ను వెనకాల కందిరీగ అంటారు, ఎదురుగా అక్కగారంటారు. రెండిట్లో ఏది సరైన పేరని నన్నే అడిగితే మొదటిదే అంటాను. ఏటి ఒడ్లు జారిపోకుండా కట్టడం నా పని. మేకు గట్టిగా దిగిందా అని అడిగితే, అటు చూడకుండానే దిగిందండీ అనేవాళ్ళతో ఇన్నేళ్ళు వేగాక ఎవరి నోరైనా ఇలాగే తయారవుతుంది.

మా ఇంట్లో ముగ్గురం. ముగ్గురికీ ఆ ఏరే అన్నం పెడుతోంది. నేను ఒడ్డు కడతాను. మా తమ్ముడు మట్టి తవ్వే పొక్లెయిన్ నడుపుతాడు. వాడి భార్య, అంటే నా మరదలు, చేపల మనిషి. ఒకప్పుడు ఈ ఏట్లో పసుపు రెక్కల గులకచేప ఎంత కావాలంటే అంత ఉండేది. ఇసుక తవ్వి తవ్వి, ఒడ్లు తెగి బురదంతా ఏట్లో పడ్డాక కనబడకుండా పోయింది. అది శుభ్రమైన గులకరాళ్ళ సందుల్లో తప్ప గుడ్లు పెట్టదు. ఆ సందుల్లో ఒండ్రు చేరితే గుడ్లకి ఊపిరాడదు. ఎక్కడో ఎగువ పాయలో మిగిలిన నాలుగు చేపల్ని పట్టి తెచ్చి, రేకుల గదిలో తొట్లు పెట్టి, పసిపిల్లల్ని సాకినట్టు సాకి, మళ్ళీ ఏట్లో వదిలింది మరదలే.

మేమంతా పనిచేసేది ఏటి పెద్ద వంపు దగ్గర. అక్కడ ఒడ్డు ఏటేటా జారుతోంది. నీటిపారుదల ఆఫీసువాళ్ళకి ఓపిక అయిపోయింది. ఈ వానాకాలం ఒడ్డు నిలవాలి, వంపు కింద గులకలో చేపపిల్లలు కనబడాలి, రెండిట్లో ఏది తప్పినా వంపు పొడుగునా కాంక్రీటు గోడ లేపేస్తామని మొహం మీదే చెప్పి వెళ్ళారు. గోడ కడితే ఒడ్డు నిలుస్తుంది. కానీ గోడ పక్కన నీళ్ళు పరుగందుకుంటాయి, గులకంతా కొట్టుకుపోతుంది, చేప కథ అంతటితో సరి. ఆ గోడ మాట వచ్చినప్పుడల్లా మరదలి మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు.

ఇంత ముంచుకొస్తున్నా ఆమెకీ నాకూ మాటల్లేవు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు, నేను అర్ధం దగ్గర ఆగే రకాన్ని కూడా కాదు. తగువు దుంగల దగ్గర వచ్చింది. వంపుకి కాస్త ఎగువన, వేళ్ళతో సహా పెకలించిన పెద్ద దుంగలు రెండు పాతాం. కాండం ఒడ్డు మట్టిలోకి, వేళ్ళు నీళ్ళలోకి. వేళ్ళు ఒడ్డుకి ఆనుకుని ఉండాలని నేను, అప్పుడే ఒడ్డుకి దెబ్బ తగలదని. ఇంకా బయటికి ఉండాలని ఆమె, అప్పుడే వెనకాల లోతైన మడుగు ఏర్పడి చేపలు సేద తీరతాయని. మాటా మాటా పెరిగింది. వదినకి మట్టి తప్ప ప్రాణం కనబడదని పనివాళ్ళందరి ముందూ ఆమె అంది. మొగుడికి పెట్టే తిండికన్నా చేపలకి వేసే మేత మీదే నీ ధ్యాసంతా అని నేనన్నాను. ఆ పూటనుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు.

ఒకే ఇల్లు, ఒకే బల్ల దగ్గర భోజనం. మధ్యలో కూర్చున్న తమ్ముడు అడకత్తెరలో పోకచెక్క. ఉప్పు అందించమని మీ అక్కతో చెప్పు అని ఆమె, గిన్నె చెయ్యిజాపితే అందుతుందని చెప్పు అని నేను. వాడు రెండు వైపులా మోసేవాడు. మోస్తూ మోస్తూ దారిలో కాస్త బెల్లం కలిపేవాడు. నేను పది తిట్లు పంపితే అటు రెండు చేరేవి, ఆమె విసుక్కుంటే ఇటు వినయంగా వచ్చేది. చిన్నప్పట్నుంచీ వాడంతే, ఇంట్లో గొంతు పెరిగితే వాడికి అన్నం దిగదు. నాకు ఆ సంగతి తెలిసీ ఊరుకున్నాను, నాకూ ఆ బెల్లం బాగానే ఉండేది.

నేను ఎగువ పనికి వెళ్ళి వచ్చిన ఒక సాయంత్రం వాడు చేతులు కడుక్కుంటూ, నీ చాపలు చాలా బాగున్నాయని నీ మరదలు అందక్కా అన్నాడు. ఒడ్డు వాలు మీద మట్టి కదలకుండా పరిచిన కొబ్బరిపీచు చాపల గురించి. నేను లోలోపల పొంగిపోయాను. ఆ రాత్రి ఆమె వండిన కూర మరికాస్త వడ్డించుకున్నాను కూడా. దుంగల వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. తగువైన నాటినుంచీ వాటిని చూడటమే మానేశాను, చూస్తే ఒళ్ళు మండుతుందని.

తర్వాత వారానికి వాన పట్టుకుంది. మా వంపు దగ్గర పెద్దగా పడలేదు, పడిందంతా కొండల్లో. పొద్దున్నే ఆనకట్ట నుంచి ఫోన్ వచ్చింది. గేట్లు ఎత్తుతున్నాం, మధ్యాహ్నానికి నీళ్ళు మీ దగ్గరికొస్తాయి, మనుషుల్ని తప్పించండి అన్నారు. నేను పనివాళ్ళని అవతలి గట్టు మీదకి పంపి, ఇద్దరిని మాత్రం ఉంచుకుని ఒడ్డు మీదే నిలబడ్డాను. నా గుండె అప్పటికి దిటవుగానే ఉంది. నీళ్ళు పెరగడం ఒడ్డుకి పరీక్షే, నా చాపలు ఆ పరీక్షకే వేశాను.

మరదలు రేకుల గదిలోంచి బయటికి వచ్చి, దిగువన గులక తిప్ప ఎదురుగా నిలబడింది. ఆ తిప్ప మీద, మోకాలి లోతు నీళ్ళలో, ఆ ఏడు మొదటిసారి గులకచేప గుడ్లు పెట్టింది. ఆ మాట కూడా నాకు తమ్ముడే చెప్పాడు. ఒట్టి నీళ్ళెంత పెరిగినా ఆ గుడ్లకి భయం లేదు, రాళ్ళ సందుల్లో దాక్కుని ఉంటాయి. ఒడ్డు జారి బురద దిగిందంటేనే వాటికి చావు. అందుకే ఆమె నీళ్ళ వంక చూడటం లేదు, నా ఒడ్డు వంక చూస్తోంది.

నీళ్ళు వచ్చాయి. ముందు రంగు మారింది, తర్వాత చప్పుడు మారింది. కింది వరస చాపల్ని తడుపుకుంటూ మెల్లిగా పైకెక్కుతున్నాయి. అంతా అనుకున్నట్టే ఉందనుకుంటూ ఉండగా ఒక ఎండుటాకు నా కాళ్ళ కింద ఒడ్డు వారగా వెళ్ళింది. వెళ్ళాల్సిన వైపు కాదు, ఎగువకి. దాని వెనకే నురగ, పుల్లలు, అన్నీ ఎగువకే. ఏరంతా ఒక వైపు పోతుంటే ఒడ్డు పక్క నీళ్ళు మాత్రం వెనక్కి తిరిగి వస్తున్నాయి.

ఒడ్డు కట్టేవాళ్ళెవరైనా చాపల్ని ఒకటే పద్ధతిలో పరుస్తారు. ఎగువ చాప అంచు దిగువ చాప మీద పడాలి, ఇంటి పెంకుల్లాగే. అప్పుడు నీళ్ళు అంచు మీదుగా జారి పోతాయి. అదే నీళ్ళు ఎదురుగా వస్తే ప్రతి అంచూ నోరు తెరుచుకుని ఉన్నట్టే. లోపలికి దూరి, చాపని లేపి, కింద మట్టిని నమిలేస్తాయి. నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఒక్క మేకు తప్పకుండా, ఒడ్డంతా తప్పు వైపుకి పరిచాను.

అప్పుడు చూశాను దుంగల వంక. నేను చూసినప్పటికన్నా బారెడు బయటికి ఉన్నాయి. ఏటి పరుగు వాటికి కొట్టుకుని, వెనకాల గిర్రున తిరిగి, నా ఒడ్డు మీదకి వస్తోంది.

నేను అరుచుకుంటూ పరిగెత్తేలోపే మరదలు నాకెదురు వచ్చింది. ఆమె కూడా ఆకుని చూసింది.

"దుంగలు ఎవరు జరిపారు?" అన్నాను. అన్ని రోజుల తర్వాత నేను ఆమెతో అన్న మొదటి మాట అది.

"నేనే జరిపించాను. ఆ రోజే నీకు చెప్పమన్నాను కదా."

"నాకెవరూ చెప్పలేదు."

"నీళ్ళు పెరిగితే వంపులో సుడి వెనక్కి తిరుగుతుంది, చాపల అంచులు మార్చుకోమని చెప్పి పంపాను వదినా. నువ్వు మార్చలేదు. నా మాట కాబట్టి మార్చలేదనుకున్నాను."

ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగాం. తమ్ముడు పొక్లెయిన్ మెట్టు మీద నిలబడి ఉన్నాడు. మేమిద్దరం మాట్లాడుకోవడం చూసి వాడి మొహంలో ముందు సంతోషమే కనబడింది. ఏం మాట్లాడుకున్నామో అర్థమయ్యాక ఆ సంతోషం అలాగే గడ్డకట్టింది.

"అప్పుడే చెబితే మళ్ళీ గొడవవుతుందనుకున్నానక్కా," అన్నాడు. "నాలుగు రోజులాగి మెల్లిగా చెబుదామనుకున్నాను. తర్వాత మర్చిపోయాను."

"మరి చాపలు చాలా బాగున్నాయని ఎవరన్నారు?"

వాడు మరదలి వంక చూశాడు.

"నేననలేదు," అంది మరదలు.

ఆ క్షణంలో వాడిని అక్కడికక్కడ నరికేద్దామన్నంత కోపం వచ్చింది. ఆ కోపం వెనకే సిగ్గూ వచ్చింది, పొంగిపోయి మరికాస్త కూర వడ్డించుకున్నది గుర్తొచ్చి. కానీ రెండిటికీ అప్పుడు తీరిక లేదు. కింది వరసలో ఒక చాప అంచు లేచి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. దాని కిందనుంచి ఎర్రటి చార ఒకటి బయల్దేరి నీళ్ళలో పాకుతోంది.

వెనక ఇంజను చప్పుడైంది. తమ్ముడు పొక్లెయిన్ ఎక్కేశాడు. దుంగల్ని పట్టి ఒడ్డుకి లాగేస్తే సుడి ఆగిపోతుందని వాడి ఆలోచన. ఆలోచన మంచిదే, కానీ దుంగలు అందాలంటే బండి తడిసిన ఒడ్డు అంచుకి రావాలి. నేను ఎదురుగా వెళ్ళి బండి ఇనప తొట్టి కింద నిలబడ్డాను. వాడు తప్పుకోమన్నట్టు చెయ్యూపాడు, నేను కదల్లేదు. నా కాళ్ళ పక్కనే మట్టి మీద సన్నటి పగులు ఒకటి పాము జాడలా సాగడం చూపించాను. ఆ బరువు ఇంకో అడుగు ముందుకొచ్చి ఉంటే ఒడ్డు, బండి, వాడు, నేను, అందరం కలిసి ఆ గుడ్ల మీద పడేవాళ్ళం.

"దిగు," అన్నాను. "నువ్వు చక్కబెట్టింది చాలు. దిగి మేకులు మోయి."

వాడు ఇంజను ఆపి దిగాడు. ఏడుస్తున్నాడు. ఓదార్చాలనిపించింది, ఓదార్చలేదు.

ఇక చేయగలిగింది ఒకటే. ప్రతి అతుకు మీదా మిగులు చాప ముక్క ఒకటి అడ్డంగా పరిచి, రెండు పక్కలా దగ్గర దగ్గరగా కర్రమేకులు దిగ్గొట్టి, మీద రాళ్ళ సంచులు పెట్టడం. నడుముకి తాడు కట్టుకుని వాలు మీద బోర్లా పడుకున్నాను. పనివాళ్ళిద్దరూ పైన తాడు పట్టుకున్నారు. లేచిన అంచుని ఎవరో ఒకరు కిందనుంచి నొక్కి పట్టాలి, లేకపోతే మేకు దిగదు. నేనింకా ఎవరిని పిలవాలా అని చూస్తున్నాను, మరదలు తనూ ఒక తాడు కట్టుకుని నీళ్ళలోకి దిగిపోయింది.

నడుము లోతు నీళ్ళు. ఆమె చాపకి తన ఒళ్ళంతా ఆనించి, రెండు చేతులతో అంచు పట్టుకుని నిలబడింది. నేను సుత్తి ఎత్తిన ప్రతిసారీ ఆమె చేతి వేళ్ళు మేకు పక్కనే. ఒక అతుకు అయ్యింది. రెండోది అయ్యింది. తమ్ముడు పరుగులు పెడుతూ మేకులు, సంచులు అందిస్తున్నాడు. నీళ్ళు ఆమె ఛాతీ దాకా వచ్చాయి. మాకు మధ్యలో మాట మోసేవాళ్ళెవరూ లేరు. పట్టు, వదులు, ఇంకా కిందకి, అంతే. ఒకసారి సుత్తి జారి ఆమె చెవి పక్కగా పోయింది. ఆమె కళ్ళు మూసుకుంది కానీ చెయ్యి తియ్యలేదు. ఈ పిల్లకి చేపల పిచ్చి అని ఇన్నాళ్ళూ వెక్కిరించాను. ఆ పిచ్చి ఎంత గట్టిదో ఆ రోజు నా మొహానికి జానెడు దూరంలో చూశాను.

గులక తిప్పకి దగ్గరగా ఉన్న చివరి అతుకు దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. మేం చేరేలోపే ఆ చాప సగం ఒలిచినట్టు లేచిపోయి, వెనకనున్న మట్టి ఒక పెద్ద ముద్దగా కిందకి కూర్చుంది. ఏరు ఎర్రబడింది. మరదలి గొంతులోంచి ఒక చప్పుడొచ్చింది, అది మాట కాదు. అయినా వదల్లేదు. ఆ లేచిన చాపని ఇద్దరం కలిసి లాగి, తమ్ముడు కూడా దిగి దాని మీద పడుకుంటే, మిగిలిన మేకులన్నీ అక్కడే దిగ్గొట్టాను. ఆ తర్వాత మట్టి కదల్లేదు. ఒడ్డు నిలిచింది.

నీళ్ళు తగ్గడానికి మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. అప్పటిదాకా రేకుల గదిలో ముగ్గురం తలో గోడకీ ఆనుకుని కూర్చున్నాం. మరదలి అరచేతులు పీచుకి కోసుకుపోయి గుడ్డలు చుట్టి ఉన్నాయి. తమ్ముడు టీ కాచి ఇద్దరికీ చేతికి అందించాడు. తొట్లలో చేపలు లేవు, ఉన్నవన్నీ ఏట్లో వదిలేసింది. ఈ గుడ్లు పోతే మళ్ళీ మొదలుపెట్టడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఆఫీసువాళ్ళు ఆ సాయంత్రమే వస్తామని కబురు చేశారు.

తిప్ప దగ్గరికి ఇద్దరమే వెళ్ళాం. గులక మీద నున్నగా, ఎవరో అలికినట్టు, ఎర్రటి ఒండ్రు పొర. ఆమె అది చూసి నీళ్ళ అంచునే ఆగిపోయింది.

"నావల్ల కాదు వదినా. నువ్వే చూసి చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

తెల్ల పళ్ళెం తీసుకుని నేను దిగాను. ఒడ్డు వైపు మోకాళ్ళ మీద కూర్చుని, ఒండ్రు పక్కకి తోసి, రాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి కింద గులకని పళ్ళెంలోకి తీశాను. గుడ్లన్నీ సున్నం ముక్కల్లా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. చచ్చిన గుడ్డు ఎలా ఉంటుందో నాకూ తెలుసు. కొన్ని బాగానే ఉన్నట్టున్నాయనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. తమ్ముడిని అన్ని తిట్లు తిట్టుకున్నానా, వాడి నోట్లో ఆ తీపి ఎలా ఊరేదో అప్పుడు తెలిసింది. ఎదుటి మనిషి మొహం చూస్తూ నిజం చెప్పడం కన్నా వరదలో మేకు కొట్టడం సులువు.

"ఇటువైపువి పోయాయి," అన్నాను. "అన్నీ."

ఆమె తలూపింది. నేను తిప్ప మధ్యకి జరిగాను. అక్కడ ఒండ్రు పలచగా ఉంది, నాలో ఆశ లేచింది. లోపలివి మాత్రం తెల్లగానే ఉన్నాయి.

"ఇవీ పోయాయి."

ఈసారి ఆమె తల కూడా ఊపలేదు. నేను అవతలి అంచుకి వెళ్ళాను. అక్కడ ఏటి పరుగు నేరుగా తగులుతుంది, కాళ్ళు నిలవడం కష్టం. వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఒక పెద్ద రాయి దొర్లించి, కింద చెయ్యి పెట్టి, దొరికింది దొరికినట్టు పళ్ళెంలో పోసుకుని చూశాను. చూస్తూ ఉండిపోయాను. నోరు తెరిచాను కానీ గొంతు రాలేదు. నా నోరు నాకు పనిచెయ్యకపోవడం అదే మొదటిసారి.

ఒడ్డున ఆమె నా వీపు వంకే చూస్తోంది. నేనెంతకీ మాట్లాడకపోయేసరికి తనకి అర్థమైంది అనుకుంది.

"సరే వదినా, తెలిసింది," అంది. "గోడ కట్టుకోమను. నేను వాళ్ళకి కనబడను." అని తిరిగి గట్టు వైపు నడవడం మొదలుపెట్టింది.

నేను పళ్ళెం పట్టుకుని పడుతూ లేస్తూ నీళ్ళు దాటి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. గుడ్డ చుట్టిన చెయ్యి, నొప్పికి మూలిగింది. వదల్లేదు. అక్కడే బురదలో కూర్చోబెట్టి, పళ్ళెం ఒళ్ళో పెట్టాను.

"నేను చెప్పను," అన్నాను. "నువ్వే చూడు."

చాలాసేపు ఆమె కళ్ళు దించలేదు. దించాక పళ్ళెం మీదకి వంగింది. గుప్పెడు గుడ్లు, నీటి చుక్కల్లా తేటగా ఉన్నాయి. ఒక్కో దానిలో రెండేసి నల్లటి కళ్ళు. మేం చూస్తుండగానే ఒక గుడ్డులో ఆ కళ్ళున్న పిల్ల గిర్రున అటు తిరిగి పడుకుంది.